మాట మిగిలింది, బాణీ ఏది?



ఇటలీలోని మిలాను నగరంలో రికార్డీ భాండాగారమనే సంగీత ప్రతుల నిధి ఉన్నది. జొవాన్ని రికార్డీ నాటకశాలలకు సంగీత ప్రతులు రాసి ఇచ్చే లేఖకుడు. 1808లో ప్రచురణశాల స్థాపించి, స్వరకర్తల చేతిరాత ప్రతులను పోగుచేశాడు. వెర్ది కూర్చిన 28 సంగీత నాటకాలలో 23 స్వహస్త ప్రతులు ఈ భాండాగారానివే. 1943లో బాంబుదాడికి సంస్థ భవనం దెబ్బతిన్నది. ప్రతులను ముందే తరలించినందున అవి దక్కాయి. వెర్ది 1901లో మరణించినా, ఆయన ఏ స్వరం ఎక్కడ ఉంచాడో నేటికీ చూడవచ్చు.

స్వరాలను గీతలమీద రాసే పద్ధతిని 11వ శతాబ్దంలో తీర్చిదిద్దినవాడు కూడ ఇటలీలోని మన శ్రీసభ సన్యాసే. ఆయన పేరు గ్వీదో. బాలగాయకులు ఎన్నడూ వినని పాటను సైతం చూచి పాడాలన్నదే ఆయన తపన.

మన తెలుగునాట జరిగినదేమిటి? అన్నమాచార్యుల (1408-1503) వేలాది సంకీర్తనలు రాగిరేకులపై తిరుమలలో భద్రంగా దొరికాయి. రాగాల పేర్లూ ఉన్నాయి. కాని దాదాపు అన్నింటికీ స్వరాలు లేవు. అందుచేత రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు కొత్తగా బాణీలు కట్టవలసి వచ్చింది. రాగం పేరు ఊరి పేరువంటిది. ఊరు తెలిసినంత మాత్రాన ఇల్లు దొరకదు గదా!

మన గుంటూరు, ప్రకాశం పల్లెల సంగతి ఆలోచించండి. ఉపదేశులు నేర్పిన సిలువమార్గం పాటలు, మరియతల్లి పాటలు మిరప కోతలకూ పత్తి తీతలకూ వెళ్ళివచ్చే అవ్వల గొంతుల్లోనే ఉన్నాయి. పుస్తకాల్లో ఉన్నది మాట మాత్రమే. అవ్వతో పాటే బాణీ సమాధికి పోతుంది.

పాటను రాసి ప్రజలకు నేర్పుమని దేవుడు మోషేను ఆజ్ఞాపించాడు (ద్వితీయో. 31:19). పవిత్ర సంగీత నిధిని జాగ్రత్తగా కాపాడాలనీ, ఆయా ప్రజల సొంత సంగీతాన్ని గౌరవించాలనీ రెండవ వాటికన్ మహాసభ 1963లో బోధించింది.

కాబట్టి ప్రతి విచారణలో యువతీయువకులు పెద్దలచేత పాడించి సెల్‌ఫోనులో రికార్డు చేయాలి. సంగీతం తెలిసినవారిచేత స్వరం, తాళం రాయించాలి. ఎవరు నేర్పారో, ఏ పండుగకు పాడేవారో పక్కనే నమోదు చేయాలి. ఫోను పాడవుతుంది గనుక కాగితంమీద రెండు ప్రతులుంచాలి. ఒకటి విచారణలో, మరొకటి మేత్రాసన కార్యాలయంలో.

ఈ ఏడు మిర్చి కల్లాలు ఎత్తేలోగా విచారణకు పది పాటలైనా చాలు. మొదట ఊరిలో అందరికంటె పెద్దవారి ఇంటికి వెళ్ళండి.