కాగితములేని సంఘము: రైతు తెలిసికొనవలసిన సంగతులు



సంఘపు గదిలోని బీరువాలలో పుస్తకములు తగ్గుచున్నవి. బల్లమీద కంప్యూటరు వచ్చి కూర్చున్నది. వాటాధనము, అప్పు పద్దు, వడ్డీ, ఎరువుల నిలువ అన్నియు దానిలోనికే ఎక్కుచున్నవి. "ఇకమీదట కాగితమే యుండదట, మన లెక్కకు దిక్కెవరు?" అని పెద్దలడుగుచున్నారు. "కాగితముతోపాటు పీడయు వదలినది" అని పిన్నలనుచున్నారు. రెండు మాటలలోను కొంత నిజము, కొంత పొరపాటు కలవు. ఈ పాఠములో మేము చెప్పదలచిన దొక్కటే: కాగితము పోయిన పోవచ్చునుగాని, తన లెక్కను తాను చూచుకొను హక్కు సభ్యునికి పోరాదు.

1. వ్రాత వస్తువు మారుట క్రొత్త కాదు

మన గ్రామములలో లెక్కలు పూర్వము తాటాకులమీద గంటముతో వ్రాయబడెడివి. ఆ కట్టలనే కవిలెకట్టలనిరి. గుడ్డకు బొగ్గుపొడి, ఆకుపసరు పట్టించి నల్లబరచి, మడతలుగా మడచి, దానిమీద బలపముతో వ్రాయుటయు నుండెను. దానికి కడితమని పేరు. 1821లో మరణించిన కల్నల్ మెకంజీ సేకరింపించిన గ్రామ కైఫీయతులలో పెక్కు సంగతులు ఇట్టి కవిలెలనుండి దిగినవే. పిదప కాగితము వచ్చినది. కరణముగారి యింట అడంగళ్లు, చిట్టాలు పేరుకొనినవి. వంశపారంపర్యపు కరణీకము 1984లో రద్దయినది. 1998లో రిజిస్ట్రేషను కార్యాలయములలో "కార్డు" అను కంప్యూటరు పద్ధతి వచ్చినది. 2015లో "మీభూమి" వెలసి, అడంగలును, 1-బి నకలును రైతు సెల్‌ఫోనులో చూచుకొను వీలు కలిగినది.

ఈ చరిత్రలో గమనింపవలసిన దేమి? ఆకు, గుడ్డ, కాగితము ఒకదాని తరువాత నొకటి వచ్చినవి. రైతు చిక్కు మాత్రము చిరకాలము ఒక్కటే. పుస్తకము ఒకరి యింట నుండెను. చదువ నేర్చినవారు కొందరే యుండిరి. అందులో నేమి వ్రాయబడినదో వ్రాసినవారికే తెలిసెడిది. రైతుకు హాని కలిగినది తాటాకు వలన కాదు, తన లెక్క తనకు కానరాకపోవుట వలన. నేడు కంప్యూటరు తెర కార్యదర్శివైపునకే తిరిగియుండి, సభ్యుడు దానిని చూడజాలని యెడల, పాత కవిలెకట్టయే క్రొత్త వేషమున వచ్చినదని యనుకొనవలయును.

2. ఇప్పుడు జరుగుచున్న పని

2021 జూలైలో కేంద్రమున సహకార మంత్రిత్వశాఖ ప్రత్యేకముగా నేర్పడినది. 2022 జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము దేశములోని 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములకు కంప్యూటరు లెక్కల నేర్పరచుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించెను. తరువాత ఆ సంఖ్యయు పెంపబడినది. మన రాష్ట్రపు సంఘములును ఇందు చేరినవి. నాబార్డు ఆధ్వర్యమున తయారైన ఒకే తీరు సాఫ్టువేరులో అన్ని సంఘములు పద్దులు వ్రాయవలయుననియు, సంఘపు లెక్క పైనున్న జిల్లా సహకార కేంద్ర బ్యాంకు లెక్కతో కలియవలయుననియు ఉద్దేశము. పాత పుస్తకములలోని పద్దులను యంత్రములోనికి ఎక్కించుటయు ఇందొక భాగము. సభ్యుడు మిక్కిలి మెలకువతో నుండవలసిన ఘట్టము ఇదియే. ఏలనో క్రింద చెప్పెదము.

3. లాభములు

మొదటిది, వరద భయము తగ్గుట. పట్టిసీమవారికి గోదావరినిగూర్చి మేము చెప్పనక్కర లేదు. శివరాత్రినాడు పడవలమీద వీరభద్రస్వామి కొండకు దాటించు నదియే శ్రావణ మాసమున గట్టు మీదికి వచ్చును. 1986 ఆగస్టులో భద్రాచలముకడ నీరు 75.6 అడుగులకును, 2022 జూలైలో 71 అడుగులకు పైగాను లేచినది. అట్టి నీరు సంఘపు గదిలోనికి వచ్చిన యెడల సిరా కరగును; మిగిలినదానిని చెదలు తినును. దూరపు ఊరిలో మరియొక ప్రతి యున్న లెక్కకు ఈ భయము లేదు.

రెండవది, తేదీ తారుమారు కాకుండుట. దీని విలువను అంకెలలో చూడుడు. ప్రభుత్వ వడ్డీ రాయితీ గల పంటరుణమునకు వడ్డీ సాలునకు నూటికి 7 రూపాయలు. గడువులోపల చెల్లించినవారికి నూటికి 3 రూపాయలు తగ్గి, 4 రూపాయలే పడును. అనగా లక్ష రూపాయల అప్పుమీద 7,000 కు బదులు 4,000 చాలును. ఒక రైతు గడువు చివరి దినమున సొమ్ము కట్టెననుకొందము. కార్యదర్శి రశీదు చింపి యిచ్చెను. పద్దును మాత్రము పుస్తకములో నాలుగు దినములకు వ్రాసెను. ఆ రైతునకు 3,000 రూపాయలు నష్టమగును, తప్పేమో తనది కాదు. కట్టిన క్షణముననే తేదీతో పద్దు పడి, రైతు సెల్‌ఫోనునకు మెసేజి వచ్చిన యెడల ఈ నష్టము కలుగదు.

మూడవది, దిద్దుబాటు దాగకుండుట. ఒకరి పేర మరియొకరు అప్పు వ్రాసికొనిన ఉదంతములు సహకారోద్యమమున వినని సంగతులు కావు. పుస్తకములో పేజీ మార్చిన చెప్పువారుండరు. సరిగా నడపిన యంత్రములో నెవరు, ఏనాడు, ఏ పద్దు వ్రాసిరో, ఏది దిద్దిరో గురుతు నిలుచును. తనిఖీ చేయువారికి ఇది గొప్ప సాయము.

4. అపాయములు

యంత్రము తప్పును సరిదిద్దదు. తప్పును అందముగా అచ్చు వేయును. పాత పుస్తకమునుండి ఎక్కించునపుడు ఒకే యింటిపేరు, ఒకే పేరు గల యిద్దరు సభ్యులలో ఒకరి బాకీ మరియొకరి ఖాతాలో పడవచ్చును. తీర్చిన అప్పు తీరనట్లుగనే యెక్కవచ్చును. ఒకమారు పాత పుస్తకము అటకెక్కినపిదప ఆ తప్పును రుజువుపరచుట కష్టము.

రెండవ అపాయము రహస్య సంకేతము. పాస్‌వర్డు అనునది ఇనుప పెట్టె తాళపుచెవి వంటిది. కార్యదర్శి తన పాస్‌వర్డును గుమాస్తాకిచ్చిన యెడల ఎవరు వ్రాసిరో యంత్రము చెప్పజాలదు. అట్లే మీ ఫోనునకు వచ్చు ఓ.టి.పి. అంకెలు మీ సంతకముతో సమానము. తెల్ల కాగితముమీద వ్రేలిముద్ర వేయువాడు తెలివితక్కువవాడైన యెడల, అడిగినవారికెల్ల ఆ అంకెలు చెప్పువాడును అట్టివాడే.

మూడవది, ఒకే చోట దాచుట. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియా దేశమున డేజాన్ నగరములోని ప్రభుత్వ కంప్యూటరు కేంద్రమున బ్యాటరీలకు నిప్పంటుకొనెను. ప్రభుత్వోద్యోగులు తమ దస్త్రములు దాచుకొను "జీ-డ్రైవ్" అను భాండారము కాలిపోయెను. దానికి వేరొకచోట రెండవ ప్రతి లేదు. అంత తెలివిగల దేశమునకే అట్టి నష్టము కలిగినది. మన రైతు విత్తనమంతయు ఒకే పురిలో పోయడు. లెక్కలకును అదే నీతి.

నాలుగవది, బలహీనులు వెనుకబడుట. నాగలి, కొడవలి పట్టి అరిగిన వ్రేళ్ల గురుతులను యంత్రము ఒక్కొక్కప్పుడు పట్టజాలదు. కరెంటు పోవును, సిగ్నలు అందదు, ఒంటరి ముసలమ్మకు సెల్‌ఫోను ఉండదు. "యంత్రము ఒప్పుకొనలేదు, రేపు రమ్ము" అని పంపివేయుట సహకారము కానేరదు. అట్టివారికి చేతివ్రాత రశీదిచ్చి, యంత్రము పలికినపుడు పద్దు వేయు ఏర్పాటు ప్రతి సంఘమున నుండవలయును.

5. చట్టము

2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము కంప్యూటరులోని వ్రాతకు కాగితపు వ్రాతతో సమానమైన గుర్తింపు నొసగినది. కాని వీలునామా మొదలగు కొన్ని పత్రములకు ఆ చట్టము వర్తింపదు. కావున "అంతయు ఫోనులో నున్నది" అని వీలునామాను, రిజిస్టరు దస్తావేజును నిర్లక్ష్యము చేయరాదు. సంఘము కాగితము విడిచినను, రైతు తన యింటి పెట్టెలోని కాగితమును విడువనక్కర లేదు.

6. సభ్యులు చేయవలసినవి

(1) మీ పాత రశీదులను, పాసుపుస్తకమును తీసికొని సంఘమునకు వెళ్లి, యంత్రములోని నిలువతో సరిచూచుకొనుడు. తేడా కనబడిన వ్రాతమూలముగా తెలిపి, అందినట్లు సంతకము పొందుడు.

(2) సరిచూచుట ముగియువరకు పాత పుస్తకములను తీసివేయరాదని మహాజన సభలో తీర్మానింపుడు. కొన్ని నెలలు పుస్తకము, యంత్రము రెండును నడచి, నిలువలు కలిసినపిదపనే పుస్తకము మానవలయును.

(3) మీ ఖాతాకు చేర్చిన ఫోను నంబరు మీదియే యగునట్లు చూచుకొనుడు. బంధువుదో, ఎరువుల కొట్టువానిదో యుండరాదు.

(4) సొమ్ము కట్టిన ప్రతిసారి అచ్చు రశీదు అడిగి పుచ్చుకొనుడు.

(5) ఏటికొకమారు సభ్యుల అప్పుల జాబితా సభలో చదివింపుడు. తన పేర అప్పున్నదని తెలియని సభ్యుడు ఆ దినమున తెలిసికొనును.

ఐరోపాలో ఎస్తోనియా అను చిన్న దేశము గలదు. అచ్చట ప్రభుత్వపు పని దాదాపు అంతయు కాగితము లేకయే నడచును. అందు మనము నేర్వదగినది యంత్రముల సంఖ్య కాదు. తన వివరములను ఏ కార్యాలయమువారు చూచిరో పౌరుడు తానే విచారించి తెలిసికొనగలడు. అధికారి రైతు లెక్కను చూచుట పాత సంగతి. అధికారి చూచినట్లు రైతుకు తెలియుట క్రొత్త సంగతి. మన సంఘములును కోరవలసినది దానినే.

7. సభలో చర్చింపదగిన ప్రశ్నలు

(అ) మన సంఘపు పాత పద్దులను ఎవరు ఎక్కించిరి? ఎవరు సరిచూచిరి?

(ఆ) లెక్కల రెండవ ప్రతి ఎచ్చట నున్నది?

(ఇ) కరెంటు లేని దినమున సొమ్ము కట్టవచ్చిన సభ్యునికి ఏమి యిత్తురు?

(ఈ) చదువురాని సభ్యునికి అతని ఖాతాను చదివి వినిపించు బాధ్యత ఎవరిది?

ఈ నాలుగింటికి జవాబు చెప్పగల సంఘము నిర్భయముగా కాగితము విడువవచ్చును. చెప్పజాలని సంఘము ముందు జవాబులు సిద్ధపరచుకొనవలయును. సంఘము సభ్యులది, లెక్కయు సభ్యులదే. తాటాకుపై నున్నను, తెరపై నున్నను, దానిని చూచుకొనవలసిన కన్ను రైతుదే.