హీబ్రూ బైబిలులో ‘ఎముక’ – లాక్షణికార్థ విచారణ

శరీరావయవాన్ని చెప్పే పదం లక్షణావృత్తి చేత బంధుత్వాన్నీ, మనోవ్యథనూ, వ్యక్తి స్వరూపాన్నీ బోధించడం కద్దు. హీబ్రూలోని ‘ఎత్సెమ్’ అటువంటి పదం. దాని వాచ్యార్థం ఎముక. ఈ పదం తెలుగు బైబిలులో ఎంతవరకు నిలిచినదో పరిశీలించడం నెల్లూరు మండల పాఠకులకు ప్రత్యేకించి ఉచితం. 1840లో నెల్లూరులో నెలకొన్న అమెరికన్ బాప్టిస్టు మిషను తరువాతి కాలంలో పడమటి సీమలోని ఉదయగిరి, ఆత్మకూరులకు విస్తరించింది. 1849లో నెల్లూరికి వచ్చిన లైమన్ జ్యూయెట్ బైబిలు తెలుగు అనువాద కృషిలో పాలుపంచుకున్నాడు.

మొదటి అర్థం బంధుత్వం. మేనమామ లాబాను మేనల్లుడైన యాకోబును తన ఎముక, తన మాంసం అని స్వీకరిస్తాడు (ఆదికాండము 29:14). ఇది కేవలం ఆప్యాయతా వాచకం కాదు. హక్కునూ బాధ్యతనూ స్థాపించే మాట. హెబ్రోనులో ఇశ్రాయేలు గోత్రాలవారు దావీదుతో ఈ మాట చెప్పి అతనిని రాజుగా అంగీకరించారు (2 సమూయేలు 5:1). షెకెములో తల్లి తరపు బంధువుల వద్ద అబీమెలెకు ఇదే మాటతో అధికారం సంపాదించి, తన సోదరులనే వధించాడు (న్యాయాధిపతులు 9:2–5). దావీదు ఘట్టంలో తెలుగు అనువాదం ఎముకను నిలిపి, మాంసానికి బదులు ‘రక్తసంబంధం’ చేర్చింది. తెలుగువారు చుట్టరికాన్ని రక్తంతో చెప్పుకుంటారు కనుక ఆ మార్పు సమంజసం.

రెండవది అంతరంగం. అసూయ ఎముకలకు కుళ్లు (సామెతలు 14:30). మౌనం వహించదలచిన యిర్మీయాకు దైవవాక్కు ఎముకలలో మూయబడిన అగ్నివలె తోచింది (20:9). యెహెజ్కేలు చూచిన ఎండిన ఎముకలు ఆశ నశించిన ఇశ్రాయేలు జనానికి సంకేతాలని ఆ గ్రంథమే వివరిస్తుంది (37:11). ఎముకలు కొరికే చలి, ఎముకలేని నాలుక అనే పలుకుబళ్లున్న తెలుగులో ఈ ప్రయోగాలు అన్యంగా తోచవు.

మూడవది స్వరూపం. నోవహు ఓడలో ప్రవేశించిన దినాన్ని హీబ్రూ మూలం ‘ఆ దినపు ఎముకయందు’ అంటుంది (ఆదికాండము 7:13). సరిగా ఆ దినమందే అని భావం. ఆధునిక హీబ్రూలో ‘స్వయం’ అనే అర్థంగల పదమూ, స్వాతంత్ర్యవాచకమైన ‘అత్స్మాఉత్’ కూడా దీని నుండే ఏర్పడ్డాయి. సంస్కృతంలో ‘అస్థి’, ‘అస్తిత్వం’ అనే మాటలు వినికిడికి దగ్గరైనా వాటికి వ్యుత్పత్తి సంబంధం లేదు. హీబ్రూలో మాత్రం ఎముకా, ఆత్మార్థమూ నిజంగా ఒకే పదం.

ఇక్కడ ఆలంకారికుల విభాగం ఉపకరిస్తుంది. దర్భలు కోసేవాడనే వ్యుత్పత్తి గల ‘కుశల’ శబ్దం నేర్పరిని చెప్పేటప్పుడు దర్భ ఎవరికీ స్ఫురించదు. అది రూఢిలక్షణ. ‘ఆ దినపు ఎముక’ కూడా అటువంటిదే. అనువాదంలో ఎముకను విడిచిపెట్టడం లోపం కాదు, విధి. యిర్మీయా ప్రయోగం ప్రయోజనవతి. అక్కడ ఎముకకు బదులు ‘మనస్సు’ అంటే అర్థం మిగులుతుంది, వేదన మిగలదు. బంధుత్వార్థం ఈ రెంటికీ నడుమ ఉన్నది. పదాన్ని ఉంచాలా విడవాలా అన్న ప్రశ్నకు మూలవిధేయత ఒక్కటే ప్రమాణం కాజాలదు. ఆ సందర్భంలో మూలభాషీయునికి ఎముక స్ఫురించినదా లేదా అన్నదే నిర్ణాయకం.