ఒక్కొక్క దీపం

డిసెంబరు నెల వచ్చిందంటే అమెరికాలోని చిన్నపిల్లల బడులు క్రిస్మస్ చెట్లతో, రంగు కాగితాలతో నిండిపోతాయి. ఐదేళ్ల పిల్లలు చదివే తరగతిని అక్కడ కిండర్ గార్టెన్ అంటారు. జర్మన్ భాషలో ఆ మాటకు 'పిల్లల తోట' అని అర్థం. ఇరవై మంది ఉండే తరగతిలో యూదుల పిల్లలు ఒక్కరో ఇద్దరో ఉండవచ్చు. యూదులకు క్రిస్మస్ పండుగ కాదు. ఇంచుమించు ఆ రోజులలోనే వచ్చే వారి పండుగ హనుక్కా. తోటివారంతా చెట్టు గురించీ కానుకల గురించీ చెప్పుకుంటూ ఉంటే, తమ ఇంట్లో వెలిగే దీపాల గురించి ఎలా చెప్పాలో ఆ పసివారికి తెలియదు. అందుకే చాలా బడులలో ఉపాధ్యాయినులు ఒక పూటను హనుక్కా కోసం కేటాయిస్తారు.

మొదట కథ. క్రీస్తు పూర్వం రెండవ శతాబ్దంలో యూదుల దేశం నాల్గవ ఆంటియోకస్ అనే గ్రీకు రాజు ఏలుబడిలో ఉండేది. అతడు యూదుల ఆచారాలను నిషేధించాడు. జెరూసలేంలోని వారి దేవాలయంలో గ్రీకు దేవుడికి పూజలు పెట్టించాడు. మోదీన్ అనే పల్లెలో మత్తతియా అనే వృద్ధ యాజకుడు, అతని ఐదుగురు కుమారులు తిరగబడ్డారు. ఆ కుమారులలో ఒకడైన యూదా మక్కబీ సేనను నడిపి, క్రీ.పూ. 164లో దేవాలయాన్ని తిరిగి సాధించాడు. గుడిని శుభ్రం చేసి మళ్ళీ ప్రతిష్ఠ జరిపారు. 'హనుక్కా' అంటే ప్రతిష్ఠ అనే అర్థం. దీపం వెలిగించబోతే ఒక చిన్న బుడ్డిలో ఒక్కరోజుకు సరిపడే నూనె మాత్రమే దొరికిందట. ఆ కొద్ది నూనెతోనే దీపం ఎనిమిది రోజులు వెలిగిందట. ఈ నూనె ముచ్చట తరువాతి కాలంలో కూర్చిన తల్మూదు గ్రంథంలో ఉంది.

పసివారికి యుద్ధాల సంగతి ఎక్కదు. ఉపాధ్యాయిని దాన్ని రెండు మాటలలో దాటించి నూనె బుడ్డి దగ్గర ఆగుతుంది. పిల్లలు కూడా అక్కడే ఆగుతారు. బుడ్డి ఎంత ఉందో చేతులతో చూపించమంటారు!

నూనెతో బతికిన యూదులు మన దేశంలోనూ ఉన్నారు. మహారాష్ట్రలోని కొంకణ తీరంలో బెనె ఇజ్రాయేల్ అనే యూదులు తరతరాలుగా గానుగలు ఆడించి జీవించారు. శనివారం వారికి విశ్రాంతి దినం. ఆ రోజు గానుగ కట్టరు. అందువల్ల ఇరుగుపొరుగువారు వారిని 'శనివార్ తేలీ' అని పిలిచేవారు. అంటే శనివారపు గానుగవారు. 1948లో ఇజ్రాయేల్ దేశం ఏర్పడిన తరువాత వారిలో చాలామంది అక్కడికి తరలిపోయారు.

హనుక్కా దీపపు సెమ్మెకు తొమ్మిది కొమ్మలుంటాయి. ఎనిమిది రాత్రులకు ఎనిమిది. తొమ్మిదవ దాని పేరు షమాష్, అంటే సేవకుడు. దానితోనే తక్కిన వాటిని వెలిగిస్తారు. పండుగ దీపాల వెలుగులో చదువుకోకూడదు, కుట్టుపని చేయకూడదు. ఊరికే చూస్తూ కూర్చోవాలి. పిల్లలకు ఇంతకంటే నచ్చే నియమం ఇంకేముంటుంది?

ఎన్ని దీపాలతో మొదలుపెట్టాలి? పూర్వం దీని మీద పెద్ద వాదమే జరిగింది. మొదటి రాత్రి ఎనిమిది వెలిగించి రోజుకొకటి తగ్గించాలని షమ్మాయి శిష్యులు అన్నారు. ఒకటితో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలని హిల్లెల్ శిష్యులు అన్నారు. మంచిని పెంచాలే గాని తగ్గించరాదన్నది వారి మాట. అదే నిలిచింది.

తరగతిలో నిప్పు వెలిగించడం ప్రమాదం. కనుక పిల్లలు చెక్కముక్క మీద ఇనుప నట్లు అంటించి సెమ్మెను తయారుచేస్తారు. పసుపు కాగితంతో జ్వాలలు కత్తిరిస్తారు. మొదటి రోజు ఒకటి, దానికి తోడు షమాష్, మొత్తం రెండు. రెండవ రోజు మూడు. ఎనిమిదవ రోజుకు తొమ్మిది. అన్నీ కూడితే 44. అంగళ్లలో అమ్మే హనుక్కా కొవ్వొత్తుల పెట్టెలోనూ 44 ఉంటాయి. లెక్కల పాఠం కూడా అయిపోయినట్లే!

ఆ తరువాత బొంగరాలాట. డ్రైడెల్ అనే ఈ బొంగరానికి నాలుగు ముఖాలు. దీనికి తాడు అక్కరలేదు, వేళ్ళతోనే తిప్పుతారు. పందెం ఎండుద్రాక్షలు. 'గిమెల్' అక్షరం పైకి వస్తే అన్నీ మనవే, 'హే' వస్తే సగం, 'నూన్' వస్తే ఏమీ లేదు, 'షిన్' వస్తే ఒకటి చెల్లించాలి. ఈ నాలుగూ హీబ్రూ భాషలోని నాలుగు మాటల మొదటి అక్షరాలు. "గొప్ప అద్భుతం అక్కడ జరిగింది" అని వాటి భావం. ఇజ్రాయేల్ లోని బొంగరాల మీద మాత్రం 'షిన్' బదులు 'పే' ఉంటుంది. అప్పుడు "ఇక్కడ జరిగింది" అని అర్థం. దేశం మారితే ఒక్క అక్షరం మారుతుంది, ఆట మాత్రం అదే.

చివరికి లట్కేలు. బంగాళాదుంపలు తురిమి, ఉల్లిపాయ, గుడ్డు కలిపి, నూనెలో వేయించిన అట్లు ఇవి. వీటిని వండడానికి ఏ పిల్లవాడి అమ్మమ్మో బడికి వస్తుంది. ప్రార్థనలు మాత్రం చేయించరు. అమెరికాలోని ప్రభుత్వ బడులు మతాల గురించి చెప్పవచ్చు గాని పూజలు జరిపించకూడదు. అవి ఇంటికే.

ఇంట్లో దీపాలను వీధివైపు కిటికీలో పెట్టడం ఆచారం. దారిన పోయేవారు చూడాలి కదా! ప్రమాదం ఉన్న కాలంలో మాత్రం లోపల బల్లమీద పెట్టుకున్నా చాలునని తల్మూదు చెబుతుంది. మోంటానా రాష్ట్రంలోని బిల్లింగ్స్ పట్టణానికి 1993లో అలాంటి కాలం వచ్చింది. అక్కడ యూదుల కుటుంబాలు చాలా తక్కువ. డిసెంబరు 2వ తేదీ రాత్రి, ఐదారేళ్ల యూదు బాలుడి గది కిటికీలో అతికించిన దీపపు సెమ్మె బొమ్మను గురిచూసి ఎవరో రాయి విసిరారు. అద్దం పగిలింది. అదృష్టవశాత్తు బాలుడికి దెబ్బ తగలలేదు. బొమ్మను తీసివేయడం మంచిదని కొందరు సలహా ఇచ్చారు. పిల్లవాడికి ఏమని చెప్పి తీయాలని తల్లి బాధపడింది.

ఆ సంగతి పత్రికలో వచ్చింది. అది చదివిన క్రైస్తవులు తమ చర్చిలలో పిల్లల చేత హనుక్కా సెమ్మె బొమ్మలు వేయించారు. వాటిని తమ ఇళ్ల కిటికీలకు అతికించారు. ఊరి పత్రిక ఒక పేజీ నిండా ఆ బొమ్మను అచ్చువేసింది. అలాంటి కొన్ని కిటికీల మీద కూడా రాళ్లు పడ్డాయి. బొమ్మలు తగ్గలేదు, పెరిగాయి. కొద్దిరోజులలో వేలాది ఇళ్లలో అవి కనిపించాయి. ఏ ఇంట్లో యూదులున్నారో, ఏ ఇంట్లో లేరో వీధిలో నిలబడి చూసేవారికి తెలియకుండా పోయింది.

అభ్యాసం

1. హిల్లెల్ శిష్యుల వాదం ఏమిటి? షమ్మాయి శిష్యుల ప్రకారం వెలిగిస్తే మొత్తం కొవ్వొత్తులు ఎన్ని అవుతాయో లెక్కకట్టండి.

2. బిల్లింగ్స్ బాలుడి తల్లి బొమ్మను తీయడానికి ఎందుకు బాధపడింది?

3. మీ ఇంటి పండుగలలో మీ వీధిలోని పిల్లలకు తెలియనిది ఒకటి ఎంచుకోండి. దానిని ఐదేళ్ల పిల్లవాడికి అర్థమయ్యేటట్లు రాయండి.