పండోరా చెప్పే పాఠం

పండోరా అరచేతిలో ఇమిడే ఆటల కంప్యూటర్. జీపీ2ఎక్స్ అనే కొరియా యంత్రాన్ని వాడిన అభిమానులే కొందరు కలిసి దీన్ని తలపెట్టారు. 2008 సెప్టెంబరులో ముందుగా డబ్బు కట్టినవారికి 2010 మే నుంచి గాని యంత్రాలు అందలేదు. ఇందులో 4.3 అంగుళాల టచ్ స్క్రీన్, కీబోర్డు, 600 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 మెగాబైట్ల మెమరీ ఉండేవి.

నడిపించేది లినక్స్. దాని సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పదిమందికీ పంచవచ్చు. అందుకే కొన్నవారే దీనికి ఆటలూ ప్రోగ్రాములూ తయారుచేసుకున్నారు.

మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం మేము. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత మనకు లేదు. లినక్స్‌కు లైసెన్సు రుసుము లేదు. హాస్టల్‌లోని పాత కంప్యూటరైనా చాలు. ఆడటంతో ఆగకుండా, ఆటను తయారుచేయడమూ నేర్చుకుందాం.