మానినవాని నిత్యవ్రతము

శ్రీకాకుళమునకు సమీపముననున్న శ్రీకూర్మక్షేత్రమును సేవించిన భక్తులు అచటి రెండు ధ్వజస్తంభములను, పశ్చిమాభిముఖుడైన స్వామిని, ఆవరణలో పెంచబడు నక్షత్రతాబేళ్ళను చూచియే యుందురు. తాకిన వెంటనే తాబేలు తన అవయవములను లోనికి ముడుచుకొనును. గీత రెండవ అధ్యాయమున స్థితప్రజ్ఞుని లక్షణములు చెప్పుచు భగవానుడు ఈ దృష్టాంతమునే గ్రహించెను. పాఠము చెప్పువారము సాధారణముగా అక్కడ ఆగి మురిసిపోవుదుము. వెనువెంటనే వచ్చు శ్లోకము నాకు చాలకాలము బోధపడలేదు. విడిచినవానికి వస్తువు దూరమగునే గాని దానియందలి రుచి మిగిలియుండుననియు, పరతత్త్వమును దర్శించిన పిదపనే అదియు తొలగుననియు దాని భావము. మద్యము మానుకొన్నవాని బ్రదుకంతయు ఈ రెండు శ్లోకముల నడుమనే జరుగును.

ఇది నేను గ్రంథమువలన నేర్చినది కాదు. నాయొద్ద చదువుకొన్న ఒక శిష్యుని తండ్రి ఇరువదియేండ్లుగా ప్రతిదినము త్రాగుచుండెను. ఒక ఏకాదశినాడు స్వామి సన్నిధిలో ఒట్టు పెట్టించి, ఆ పూటనుండియే మానుమంటిని. మూడవనాటికి ఆయనకు చేతులు వణకసాగెను, చెమటలు పోసెను, గోడపై లేని పురుగులను చూపసాగెను. "మనోదౌర్బల్యము, నామము చేయింపుడు" అని ఇంటివారితో చెప్పినది నేనే. ఆ రాత్రి మూర్ఛ వచ్చెను. నిత్యము త్రాగుటకు అలవడిన శరీరము హఠాత్తుగా మానినచో ప్రాణాపాయము కలుగవచ్చుననియు, వైద్యుని పర్యవేక్షణలో మందులతోనే మాన్పింపవలెననియు ఆసుపత్రిలో చెప్పిరి. దైవకృపవలన ఆయన బ్రదికెను. తలచుకొన్న నేటికిని సిగ్గగుచున్నది.

శరీరము కుదుటపడిన పిదప మనస్సు మొరాయించును. నెలల తరబడి నిద్ర పట్టదు, ఊరక కోపము వచ్చును, కారణము లేని దుఃఖము క్రమ్మును. "మానితిని గదా, ఇంకను ఈ బాధ యేల?" అని కొందరు ప్రాణము తీసికొన దలతురు. దీనిని పూర్వకర్మమని ఊరకుండరాదు. ఇది వ్యాధి, చికిత్స కలదు. మందు మ్రింగుటవలన వ్రతభంగము కాదు. మానసిక వేదనకు 2022లో ఏర్పడిన టెలీ మానస్ వారి 14416, వ్యసనవిముక్తికి 14446 అను ఉచిత దూరవాణి సంఖ్యలు గలవు. ఇంటివారు వీనిని పంచాంగము చెంత వ్రాసి యుంచుకొనుట మంచిది.

మౌసలపర్వమున ద్వారకలో ఎవ్వరును మద్యము చేయరాదని చాటింపు వేసిరి. అతిక్రమించినవానికి బంధువులతో కూడ శూలదండనము. పట్టణమున ఆ ఆజ్ఞ చెల్లెను. కాని యాదవులు ప్రభాసతీర్థమునకు పోయి, అచట త్రాగి, ఒకరినొకరు చంపుకొనిరి. మన కాలమునను 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి; ఆ ఉద్యమము పెరిగి 1995లో రాష్ట్రమున సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను; 1997లో అది తొలగెను. ఆ తల్లుల పోరాటము గొప్పదే. అయినను దుకాణము మూయుట, తెరచుట మానినవాని చేతిలో లేదు. తన ప్రభాసమెక్కడనో ఎరుగుట మాత్రము అతని చేతిలోనున్నది. ఒకనికి అది విజయనగరము సిరిమానోత్సవమునకు వచ్చిన చుట్టముల నడుమ నుండును. మరియొకనికి కూలి చేత బడిన సాయంకాలమున నుండును. మా శిష్యుని తండ్రికి అది సంతనాటి ప్రొద్దుగ్రుంకువేళ. కనుక ఆ వేళకు ఆయన కోవెల పూలతోటకు వచ్చి తులసి కోయుటకు ఏర్పాటు చేసికొంటిమి. తాబేలు ముడుచుకొనుట యనగా నాకు ఇప్పుడు తోచు అర్థమిది.

ఇంటివారికొక మాట. పాతతప్పులను అన్నము వడ్డించుచు ఎత్తిపొడువకుడు. అతడు జారినను తలుపు మూయకుడు. విప్రనారాయణుడు దేవదేవి మోహమున మాలాకైంకర్యము విడిచి, దొంగతనపు నిందకును గురియై, తిరిగి రంగనాథుని పూలసేవకే వచ్చెను. తొండరడిప్పొడి ఆళ్వారని మనము చేతులు జోడించునది ఆయనకే గదా!

రెండేండ్లు గడచిన పిదప మా శిష్యుని తండ్రియు ఒకమారు జారెను. మూడునాళ్ళు మొగము చూపలేదు. ఈసారి నేను ఒట్టు పెట్టింపలేదు. కుమారుని తోడిచ్చి వైద్యునియొద్దకు పంపితిని. తరువాతి సంతనాడు ఆయన తోటకు వచ్చి, ఎవ్వరితోను మాటాడక కూర్చుండి తులసి గ్రుచ్చెను. చేతులు వణకుటచే మాల పొట్టిగా వచ్చెను. అర్చకస్వామి దానినే స్వామికి సమర్పించిరి.