మదీనాలో మిట్టమధ్యాహ్నం పన్నెండు దాటాకే!

ఉద్యోగరీత్యా మదీనాలో ఉండే నాలాంటివాళ్ళు ఒక విషయం గమనించే ఉంటారు. ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారం ఎప్పుడూ పన్నెండు దాటే ఉంటుంది. నవంబరు మొదట్లో సుమారు 12:05, ఫిబ్రవరి రెండోవారంలో 12:36. జుహర్ అజాన్ కూడా దాంతోపాటే ముందుకూ వెనక్కూ జరుగుతూ ఉంటుంది.

లెక్క సులువే. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి డిగ్రీకి 4 నిమిషాలు. సౌదీ గడియారం గ్రీన్విచ్ కంటే 3 గంటలు ముందు, అంటే అది 45 డిగ్రీల తూర్పు రేఖాంశపు సమయం. మదీనా ఉన్నది 39.61 దగ్గర. తేడా 5.39 డిగ్రీలు, అంటే ఇరవయ్యొకటిన్నర నిమిషాలు. ఆపైన కనిపించే హెచ్చుతగ్గులు భూకక్ష్య సరిగ్గా వృత్తం కాకపోవడం వల్లా, భూమి అక్షం వాలి ఉండటం వల్లా వచ్చేవి. మన ఐ.ఎస్.టి. రేఖ 82.5 తుని పక్కనుంచి పోతుంది కనుక తునివాళ్ళకు ఈ తేడా దాదాపు లేదు. హైదరాబాదుకు 16 నిమిషాలు.

ఇంతకీ ఈ సున్నా ఎక్కడిది? భూమధ్యరేఖను ప్రకృతే గీసింది, సున్నా రేఖాంశాన్ని మాత్రం మనుషులే గీసుకోవాలి. మన సిద్ధాంత గ్రంథాల సున్నా లంక, ఉజ్జయినిల మీదుగా పోయేది. ఫ్రెంచివాళ్ళది పారిస్. 1884లో వాషింగ్టన్‌లో 25 దేశాలు కూర్చుని గ్రీన్విచ్‌కి ఓటేశాయి: అనుకూలం 22, వ్యతిరేకం 1, ఫ్రాన్సు, బ్రెజిల్ తటస్థం. అప్పటికి మదీనా ఉన్నది ఒట్టోమాన్ సామ్రాజ్యంలో. వాళ్ళ ప్రతినిధి రుస్తుం ఎఫెండీ గ్రీన్విచ్‌ని ఒప్పుకుంటూనే, మా ప్రజలు గంటలు లెక్కపెట్టేది సూర్యాస్తమయం నుంచి, నమాజు వేళలూ అలాగే, ఆ పద్ధతిని వదులుకోలేం అని చెప్పాడు. ఆ సభలో నాకు నచ్చిన మాట ఇదే.

ఆ చరిత్ర మన కోడ్‌లోకీ వచ్చి కూర్చుంది. టైమ్‌జోన్ డేటాబేసు తెరిస్తే ఆసియా/రియాద్ ఎంట్రీలో 1947 మార్చి 14కి ముందు ఆఫ్‌సెట్ 3:06:52 అని ఉంటుంది. అది రియాద్ స్థానిక సమయం. మదీనాకు విడిగా ఎంట్రీ లేదు. రేఖాంశం ప్రకారం వేస్తే 2:38:26 రావాలి. పాత తేదీలను మార్చేటప్పుడు ఆ 28 నిమిషాలు గుర్తుంచుకోండి.

ఇక ఆ రేఖ పోయే దారి. ఉత్తర ధ్రువం నుంచి దిగి ఇంగ్లండు, ఫ్రాన్సు, స్పెయిన్, అల్జీరియా, మాలి, బుర్కినా ఫాసో, టోగో, ఘనాలను దాటి సముద్రంలోకి జారి, అంటార్కిటికాలో మళ్ళీ నేల తాకుతుంది. అన్నట్టు, గ్రీన్విచ్‌లో నేలమీద ఉన్న గీతమీద నిలబడి జి.పి.ఎస్. చూస్తే సున్నా రాదు! జి.పి.ఎస్. సున్నా అక్కడికి 102 మీటర్లు తూర్పున ఉంది. పాత దూరదర్శినిని తూకపుగుండు దిశను బట్టి నిలబెట్టారు. అది భూమి కేంద్రానికి సరిగ్గా గురిపెట్టదు. జి.పి.ఎస్. లెక్క భూకేంద్రం నుంచి మొదలవుతుంది.

ఘనా తీరాన సరిగ్గా ఈ రేఖ మీద ఉన్న ఊరు తేమా. ఇక్కడి ఒక క్లయింటు దగ్గర యాత్రికుల చిరునామాల డేటాబేసు చూశాను. లొకేషన్ తెలియనివాటికి అక్షాంశం 0, రేఖాంశం 0 అని నింపారు. మ్యాపులో వాళ్ళంతా గినీ సింధుశాఖ నడిసముద్రంలో తేలారు! ప్రోగ్రామర్లు సరదాగా నల్ ఐలాండ్ అనే చోటు అదే. దీనికి విరుగుడుగా ఎవరో రేఖాంశం సున్నా అయితే రికార్డు తిప్పికొట్టమని రాశారు. జావాస్క్రిప్టులో అయితే అలా రాయనక్కర్లేదు, 'ఇఫ్' పక్కన ఉత్త రేఖాంశం పెడితే చాలు, సున్నా దానంతటదే 'ఫాల్స్' అయిపోతుంది. పైగా ఆ డేటాలో రేఖాంశాలను రెండు దశాంశాలకే కుదించారు. అంటే రేఖకు అటో అరకిలోమీటరు, ఇటో అరకిలోమీటరు పట్టీ మొత్తం సున్నాయే. తేమా నుంచి జియారత్‌కి వచ్చిన పెద్దాయన అసలైన చిరునామా ఇచ్చినా, హోటలు బస్సు జాబితాలో ఆయన పేరు ఉండదు.

తెలియనిదానికి నల్ పెట్టండి, సున్నా వద్దు. కాలమ్‌కి డిఫాల్టు విలువ తీసేయండి. పరీక్షించేటప్పుడు గ్రీన్విచ్‌తో ఆపకండి, తేమా చిరునామా ఒకటి కూడా కలపండి.