యాక్సిల్ విప్పే ముందు



అల్లుడూ, నీ మహీంద్రా థార్ ముందు ఎడమ యాక్సిల్ నువ్వే, వారాసిగూడలో ఇంటి దగ్గరే మార్చుకుంటానని రాశావు. వద్దనను. కానీ లేబర్ డబ్బులు మిగులుతాయన్న లెక్క మాత్రం పక్కన పెట్టు. హబ్ నట్టుకు సరిపడే పెద్ద సాకెట్, పొడుగు రాడ్, రెండు జాకీ స్టాండ్లు, టార్క్ రెంచ్ కొనేసరికి మొదటిసారి ఆ మిగులంతా రాణిగంజ్ దుకాణాల్లోనే ఖర్చయిపోతుంది. ఇంట్లో చేసుకునేవాడికి దక్కే అసలు లాభం తీరిక. గ్యారేజీలో సాయంత్రానికి బండి ఇచ్చెయ్యాలి, వెనక మరో రెండు బళ్లు ఎదురుచూస్తుంటాయి. నీకు ఆ తొందర లేదు. విప్పిన ప్రతి ముక్కనూ తుడిచి, చూసి, ఎందుకు పోయిందో తేల్చుకున్నాకే ముందుకు పోవచ్చు. అందుకే నేను చెప్పే సూత్రం ఒక్కటే. సరిగ్గా అయిందని కంటితోనో కొలతతోనో రుజువు చూసుకోగలిగిన పని నువ్వు చెయ్యి. అలా చూసుకోలేని పనిని మొహమాటం లేకుండా తెలిసినవాళ్లకు అప్పగించు. ఈ ఉత్తరంలో మిగతాదంతా ఆ మాటకు వివరణే.

మొదట తేల్చాల్సింది, పోయింది యాక్సిలేనా అని. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలినప్పుడు టకటకమంటే చక్రం వైపున్న బయటి సీవీ (కాన్‌స్టంట్ వెలాసిటీ) జాయింట్‌ను అనుమానించాలి. తిన్నగా వెళ్తూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బండి వణికితే లోపలి జాయింట్. వేగంతో పాటు పెరిగే హోరు, బండి ఓ పక్కకు ఒరిగినప్పుడు మారుతుంటే అది చాలావరకు చక్రం బేరింగు, యాక్సిల్ మార్చినా పోదు. కదిలేటప్పుడు ఒక్కసారి టంగుమంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు చూడాలి. ఈ తేడాలు గుర్తుండాలంటే బయటి జాయింట్ లోపల ఏముందో తెలియాలి. ఒక పంజరంలో ఆరు ఉక్కు గోళీలు, వంపు తిరిగిన గాడుల్లో కూర్చుని ఉంటాయి. చక్రం ఎటు తిరిగినా ఆ గోళీలు రెండు షాఫ్టుల మధ్య కోణాన్ని సరిగ్గా సగం చేసే తలంలోనే నిలుస్తాయి, అందువల్ల వేగం ఎగుడుదిగుడు లేకుండా చక్రానికి అందుతుంది. మామూలు క్రాస్ జాయింట్‌కు ఆ గుణం లేదు. వంగి తిరిగితే చుట్టుకు రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. 1920ల్లో ఆల్ఫ్రెడ్ ర్జెప్పా రూపొందించిన ఈ గోళీల జాయింట్ రెండో ప్రపంచ యుద్ధపు జీపుల ముందు చక్రాల్లోనూ పనిచేసింది. ఆ తరహా విల్లీస్ జీపులనే 1940ల చివర్లో మహీంద్రా మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది. నీ థార్ ఆ వంశంలోదే.

అంత గట్టి ఉక్కును కాపాడేది పైనున్న రబ్బరు బూటు. అది చిరిగితే గ్రీజు బయటికి చిమ్ముతుంది, దుమ్ము, నీళ్లు లోపలికి పోతాయి. చక్రం లోపలి అంచు మీద నల్లటి గ్రీజు చారలు కనిపిస్తే బూటు మడతలు విప్పదీసి చూడు. కాస్త గ్రీజు వేళ్ల మధ్య రుద్దు. మెత్తగా జారిందంటే ఇంకా ఆశ ఉంది. గరగరలాడితే, ఆ ఇసుకే గోళీలనూ గాడులనూ అరగదీస్తోందన్నమాట. బూటు చిరిగినా చప్పుడు లేకపోతే, జాయింట్ విప్పి శుభ్రం చేశాక గాడుల్లో గుంటలు కనిపించకపోతే, యాక్సిల్ మొత్తం మార్చొద్దు. కొత్త బూటు, క్లిప్పులు, మాలిబ్డినం కలిసిన సీవీ గ్రీజు చాలు. పేరు తెలియని కంపెనీ కొత్త యాక్సిల్ కంటే గాడులు బాగున్న పాత ఒరిజినల్ నయం. ఇది పీనాసితనం అనుకోకు. చూసి తేల్చుకున్న పాత ముక్క మీద, ఇంకా ఏమీ తేలని కొత్త ముక్క మీద కంటే ఎక్కువ నమ్మకం పెట్టుకోవచ్చు.

దీని వెనకే రెండో ప్రశ్న, ఎందుకు పోయింది? ఇది అడగకుండా ముక్క మారిస్తే కొత్తదీ అదే దారి పడుతుంది. థార్‌లో ఫోర్ హై (నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే గేరు) వేస్తే ముందు, వెనక ప్రొపెల్లర్ షాఫ్టులు ఒకే వేగానికి కట్టుబడతాయి, మధ్యలో డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే పెద్ద వలయం తిరుగుతాయి. బురదలోనో ఇసుకలోనో అయితే టైరు కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటుంది. తార్నాక రోడ్ల పొడి తారు మీద జారదు. ఆ తేడా అంతా షాఫ్టులు, జాయింట్లు, గేర్ల మీద మెలికగా పడుతుంది. వానాకాలం పట్టు బాగుంటుందని రోడ్డు ఆరాక కూడా ఫోర్ హైలోనే తిప్పే అలవాటుంటే, యాక్సిల్ కంటే ముందు ఆ అలవాటు మార్చుకోవాలి. బండి ఎత్తు పెంచే కిట్ వేయించుకున్నా అంతే. జాయింట్ ఎప్పుడూ ఎక్కువ వంపులో తిరుగుతుంది, బూటు మడతలు ఒకదానికొకటి రాసుకుని త్వరగా చిరుగుతాయి. ఒక్కో చక్రానికి ఒక్కో సైజు టైరు వేసినా అదే మెలిక.

వారాసిగూడ గల్లీలో ఇలాంటి పనా అని మీ అమ్మ అడుగుతుంది, అడగాల్సిన మాటే. చాలా గల్లీలు ఇరుకు, కొన్ని వాలు, పిల్లలు ఆడుకుంటుంటారు, స్కూటర్లు దూసుకుపోతుంటాయి. వాలులోనూ మట్టి నేల మీదా బండి లేపొద్దు. ఉస్మానియా క్యాంపస్ రోడ్ల పక్కన కూడా వద్దు, పొద్దున్నా సాయంత్రం నడిచేవాళ్లు ఎక్కువ. చదునైన సిమెంటు నేల దొరికితేనే చెయ్యి, దొరక్కపోతే గ్యారేజీకే పంపు. ఈ విషయంలో బేరం లేదు. ఫోర్ బై ఫోర్‌లో మరో ప్రమాదం చాలామందికి తట్టదు. ట్రాన్స్‌ఫర్ కేస్ లివర్ ఎన్ (న్యూట్రల్) మీద ఉంటే గేరులో పెట్టిన బండి కూడా దొర్లుతుంది, ఎందుకంటే గేర్‌బాక్సుకూ చక్రాలకూ మధ్య లంకె అక్కడే తెగిపోతుంది. లివర్ ఎక్కడుందో చూడు, హ్యాండ్ బ్రేకు లాగు, వెనక చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టు. జాకీ బండిని లేపడానికి మాత్రమే, నిలబెట్టడానికి కాదు. చాసిస్ కింద స్టాండ్లు పెట్టి, బండిని గట్టిగా కుదిపి, కదలలేదని చూశాకే చెయ్యి లోపల పెట్టు. సిమెంటు ఇటుకలు బరువుకు ఉన్నట్టుండి పగిలిపోతాయి, వాటి జోలికి పోకు. విప్పిన చక్రాన్ని చాసిస్ కిందికి తోసి ఉంచితే చివరి రక్షణగా పనికొస్తుంది.

ఇక పని. హబ్ నట్టును చక్రం నేల మీద ఉండగానే సడలించు, పైకి లేపాక పొడుగు రాడ్ వేసి ఊపితే బండి స్టాండ్ల మీంచి జారుతుంది. బ్రేక్ కెలిపర్ విప్పాక దాన్ని హోసు మీద వేలాడనివ్వకుండా తీగతో కట్టు, ఏబీఎస్ వైరు లాగుడుకు రాకుండా చూడు. బాల్ జాయింట్ వదిలించేటప్పుడు మర మీద కొట్టకు. లోపలి కొస కొన్ని బళ్లలో ఫ్లాంజి బోల్టులతో, కొన్నింటిలో లాక్ రింగుతో ఉంటుంది. రింగుదైతే జాయింట్ గిన్నె దగ్గరే రాడ్ వేసి తియ్యాలి. షాఫ్టు పట్టుకు లాగితే లోపలి జాయింట్ విడిపోయి ముక్కలు చేతికొస్తాయి. కొత్తది బిగించే ముందు పాతదానితో పక్కపక్కన పెట్టి పొడవు, స్ప్లైన్ పళ్లు, ఏబీఎస్ రింగు సరిచూడు. ఆయిల్ సీల్ పెదవి మీద గేర్ ఆయిల్ రాసి, స్ప్లైన్లు దానికి తగలకుండా నిదానంగా తోయి. రింగు కూర్చున్నప్పుడు క్లిక్కుమంటుంది, తర్వాత గిన్నెను కొద్దిగా వెనక్కి లాగి చూడు, రాకూడదు. హబ్ నట్టు కొత్తది వెయ్యి. చాలా బళ్లలో దాని బిగింపు 200 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది గానీ, నీ బండికి అసలు అంకె వర్క్‌షాప్ మాన్యువల్లోదే. నట్టు వదులైతే బేరింగు ఆడుతుంది, మరీ బిగిస్తే వేడెక్కి చస్తుంది. ఆ నట్టు లేకుండా బండి బరువు చక్రం మీద వెయ్యకు. కారిన గేర్ ఆయిల్ ఎంతో అంత మళ్లీ పోసి, లెవెల్ ప్లగ్ దగ్గర చూసుకో. కారింది నాలాలో పారబోయొద్దు.

అనుభవం ఉన్న మిస్త్రీ ఇదంతా నాకంటే నాలుగు రెట్లు వేగంగా చేస్తాడు కదా అంటావు. చేస్తాడు, అతని చేతికున్న అంచనా నీకు ఇప్పట్లో రాదు. కానీ అతని వేగం అతనికి పనికొస్తుంది, నీ తీరిక నీకు పనికొస్తుంది. రెండింటికీ పోటీ లేదు. అలాగే వీడియో చూస్తే చాలనే మాటను కూడా నమ్మకు. జిప్సీలోనో జిమ్నీలోనో ముందు యాక్సిల్ ఒకే గట్టి హౌసింగ్‌లో ఉంటుంది, షాఫ్టు నకిల్ లోంచి బయటికొస్తుంది. 2020 తర్వాతి థార్‌లో ముందు చక్రాలు దేనికది విడిగా కదులుతాయి. ఒకదాని వీడియో చూసి మరోదాన్ని విప్పితే రుజువు లేకుండా పని చేసినట్టే. నేర్పేవాళ్లు లేరని కూడా అనకు. 1929 నాటి ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీ నీకు కూతవేటు దూరంలో ఉంది, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో జీవితమంతా పానా పట్టిన పెద్దలు ఆ చుట్టుపక్కల బస్తీల్లో ఇప్పటికీ ఉన్నారు. అడిగితే కాదనరు, పక్కన కూర్చుని చూస్తారు. బండి వారంటీలో ఉంటే మాత్రం కంపెనీ వాళ్లకే వదిలెయ్యి. బేరింగును ప్రెస్సు మీద నొక్కడం, డిఫరెన్షియల్ లోపలి చప్పుడు, సీల్ కూర్చునే చోట గీతలు, పని అయ్యాక వీల్ అలైన్‌మెంట్, ఇవి నీ దగ్గరున్న పరికరాలతో రుజువు కావు. వాటిని అప్పగించడంలో చిన్నతనం లేదు.

ఈ వారమే మాన్యువల్ సంపాదించి హబ్ నట్టు, కెలిపర్, బాల్ జాయింట్, చక్రం నట్లు, నాలుగింటి బిగింపు అంకెలు ఒక కాగితం మీద రాసుకో. బిగించిన ప్రతిదాని ఎదురుగా టిక్కు పెట్టు. అన్నీ అయ్యాక ఖాళీ మైదానంలో రెండు వైపులా నిదానంగా తిప్పి చూడు, దిగి సీల్ దగ్గర తడి ఉందేమో వేలితో చూడు. చక్రం నట్లు మరోసారి టార్క్ రెంచ్‌తో సరిచూసుకున్నాకే తార్నాక ఫ్లైఓవర్ ఎక్కు. కాగితంలో ఒక్క టిక్కు తక్కువైనా ఆ రోజు బండి కదిలించకు, బస్సులో వెళ్లు.

ఇట్లు,
మీ మామ